కోడిగుడ్డు వాక్యానికి ప్రతిపదార్థం

అవతారిక

గుడ్డు ఎలా వండాలో మన ఇళ్లలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పొయ్యి చుట్టూ తిరిగే పెద్దవాళ్లు పని మధ్యలో అనే ముక్కలే పాఠం. "వాసన పోయిందా?", "సొన ఇంకా జారుతోంది, కాసేపు ఉంచు", "వెంటనే చన్నీళ్లు పొయ్యి", "ఆ మచ్చకేం కాదులే", "ఒక్క ముక్క తిని చూడరా", "వద్దన్నవాణ్ణి బలవంతపెట్టకు". వీటన్నిటినీ వరసగా పేర్చితే ఒక వాక్యం తయారవుతుంది. అందులో సగం వంట సంగతి, సగం వెగటు సంగతి. వండేవాళ్ల నోట ఈ రెండూ విడివిడిగా రావు. ఎందుకు రావో తెలుసుకోవడానికే, పద్యానికి వ్యాఖ్య రాసే పద్ధతిలో, ఈ వాక్యానికి పదం పదం అర్థం చెప్పుకుందాం. వ్యాఖ్య పొడుగునా అడుగుతూ పోవలసిన ప్రశ్న ఒక్కటే: గుడ్డు చూస్తే పుట్టే జంకులో నిప్పు తీర్చేది ఎంత, తెలుసుకుంటే తీరేది ఎంత, రెండిటికీ లొంగనిది ఎంత?

మూలం

కోడిగుడ్డును నీచు వాసన పోయేదాకా ఉడికించి, సొన గట్టిపడ్డాక దించి, చన్నీళ్లలో వేసి పెంకు వలిచి, మచ్చ కనబడినా కంగారుపడక, కొత్తదైతే ఒక్క ముక్క రుచి చూసి, మనసొప్పకపోతే వదిలెయ్యి.

ప్రతిపదార్థం

కోడిగుడ్డును

ఇక్కడ చెప్పే గుడ్డు దుకాణంలో అట్టల మీద దొరికే గుడ్డు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. మొత్తంలో ఇంచుమించు ఐదో వంతు అక్కడిదే. తెలంగాణ కూడా మొదటి మూడు రాష్ట్రాల్లో ఒకటి. హైదరాబాద్ ప్రాంతంలో కోళ్ల పెంపకంతో మొదలుపెట్టిన బి.వి.రావు పూనికతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. దళారి చెప్పిన ధరకు తలొగ్గకుండా రైతులే రోజువారీ ధర ప్రకటించుకోవడం దానితో అలవాటైంది. ఆపైన టీవీ ప్రకటనలు గుడ్డును పేదా గొప్పా తేడా లేని రోజువారీ తిండిగా నిలబెట్టాయి.

ఆ ఫారాల్లో పెట్టలే ఉంటాయి, పుంజు ఉండదు. పుంజుతో పని లేకుండానే పెట్ట గుడ్డు పెడుతుంది. అలాంటి గుడ్డును 21 రోజులు పొదగేసినా, ఎన్నాళ్లు పొదగేసినా పిల్ల రాదు. గాంధీ 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలో ఈ సంగతే ఎత్తుకున్నాడు. పిల్ల కాలేని గుడ్డు విషయంలో పాలు తాగేవాళ్లకు అభ్యంతరం ఉండనక్కర్లేదని ఆయన వాదం.

వాదం బాగానే ఉంది. కానీ దానితో ఎన్ని వంటిళ్లు మారాయి? గుడ్డు తినని ఇళ్లలో పిల్లల పుట్టినరోజుకు బేకరీ కేకు వస్తుంది, అందరూ తింటారు. అదే ఇంట్లో కాలేజీ కుర్రాడు ఆమ్లెట్ వేసుకోవాలంటే విడి పెనం, విడి అట్లకాడ, వీలైతే వరండాలో విడి పొయ్యి. కేకులో ఉన్నదీ గుడ్డే. అయితే అక్కడ దాని ఆకారం కనబడదు, వాసన తెలియదు. ఆమ్లెట్‌లో రెండూ ఉన్నాయి. పిల్ల ఉందా లేదా అన్నది మెదడు అడిగే ప్రశ్న. కంటికీ ముక్కుకీ పట్టేది వేరు. అందుకే మూలంలో రెండో పదమే వాసన.

నీచు వాసన పోయేదాకా

తెల్లసొనలోని ప్రొటీన్లలో గంధకం ఉంటుంది. వేడి తగిలి ఆ ప్రొటీన్ల మడతలు విప్పుకునేకొద్దీ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు కొద్దికొద్దిగా బయటపడుతుంది. మనిషి ముక్కు దీన్ని అతి తక్కువ మోతాదులోనే పసిగడుతుంది. కాబట్టి "పోయేదాకా" అన్న మాటకు ఒక హద్దు చెప్పుకోవాలి. పచ్చి వాసన ఉడికితే పోతుంది. ఆ తర్వాత కూడా మరిగిస్తూ కూర్చుంటే గంధకపు వాసన పెరుగుతుంది. వాసన పోవాలని అరగంట ఉడకబెట్టే ఇంట్లోనే గుడ్డు ఎక్కువ వాసన వేస్తుంది.

కొన్ని గుడ్లకు అచ్చంగా చేపల వాసన ఉంటుంది. అది ముక్కు భ్రమ కాదు. గోధుమరంగు పెంకు గుడ్లు పెట్టే కొన్ని కోళ్లకు ట్రైమిథైలమీన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టే శక్తి పుట్టుకతోనే తక్కువ. వాటి దాణాలో చేపపొడి, ఆవజాతి గింజల పిండి ఎక్కువైతే ఆ పదార్థం సొనలో చేరుతుంది. కుళ్లిన చేప వాసనకు కారణం కూడా అదే పదార్థం.

ఇక గంధకం దగ్గరికి మళ్లీ వద్దాం. గుడ్డు వాసనకు చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఇంట్లో పప్పుచారుకు ఇంగువ పోపు లేకపోతే ముద్ద దిగదు. ఇంగువ ఘాటు కూడా గంధకపు సమ్మేళనాలదే. జర్మన్లు దానికి సైతాను మలం అని పేరు పెట్టారంటే తొలిసారి వాసన చూసిన ముక్కు ఎంత చిట్లి ఉంటుందో ఊహించవచ్చు. నల్ల ఉప్పు సంగతి ఇంకా వింత. పానీపూరీ నీళ్లలో, పళ్ల ముక్కల మీద, జల్‌జీరాలో మనం లొట్టలేసే ఆ వాసన ఉడికిన గుడ్డు వాసనే. అందులోని సల్ఫైడ్ల వల్ల వచ్చిందే. పాలు, గుడ్డు కూడా ముట్టని వాళ్లు విదేశాల్లో టోఫుతో పొరటు చేసుకుంటూ గుడ్డు వాసన కోసం చిటికెడు నల్ల ఉప్పు వేసుకుంటారు. అంతెందుకు, నీచు వాసన తెలియకుండా మనం మూకుట్లో వేసే ఉల్లి, వెల్లుల్లి ఘాటులో ఉన్నదీ గంధకమే. ఒక గంధకాన్ని ఇంకో గంధకంతో కప్పి, కూర కమ్మగా ఉందంటాం.

దీన్నిబట్టి ముక్కు పదార్థాన్ని బట్టి తీర్పు చెప్పదని తేలుతోంది. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న కబురును బట్టి చెబుతుంది. చెట్టు పాల నుంచి వచ్చిన గంధకం పరిమళం, పెట్ట కడుపులోంచి వచ్చిన గంధకం నీచు.

ఉడికించి

గుడ్డు నూరు డిగ్రీల నీళ్లలో ఉడుకుతుంది కానీ, గట్టిపడడానికి నూరు డిగ్రీలు అక్కర్లేదు. తెల్లసొనలో పదింట తొమ్మిది పాళ్లు నీళ్లే. మిగతాది దాదాపు అంతా ప్రొటీన్లు. వాటిలో ఒవోట్రాన్స్‌ఫెరిన్ అనేది 60 డిగ్రీలు దాటగానే పేరుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు తెల్లసొన మసకబారి, మెత్తటి జున్నులా వణుకుతూ ఉంటుంది. సగానికి పైగా ఉండే ఒవాల్బుమిన్ మాత్రం 80 డిగ్రీల దాకా లొంగదు. అది కూడా గట్టిపడితేనే కత్తితో కోయదగిన తెలుపు వస్తుంది. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి, 70 దగ్గర జారడం మానేస్తుంది.

ఈ అంకెల్లో ఒక చిక్కు ఉంది. తెలుపు పూర్తిగా గట్టిపడడానికి కావలసిన వేడి కంటే పచ్చసొన గట్టిపడడానికి కావలసినది తక్కువ. అయినా రోడ్డు పక్క బండివాడు తెలుపు గట్టిగా, పచ్చసొన ద్రవంగా ఉండే హాఫ్ బాయిల్ వేసి ఇస్తాడు. ఎలాగంటే, వేడి ఇనప్పెనం మీది నుంచి పైకి ఎక్కుతుంది. అడుగున తెలుపు చిటపటలాడుతూ అంచులు ఎర్రబడుతుంటే, మధ్యలో ఎత్తుగా కూర్చున్న పచ్చసొనకు ఇంకా సెగ అందదు. బండివాడు అట్లకాడతో నాలుగు చుక్కల నూనె పైకి చిమ్మి, పచ్చసొన మీది పల్చటి పొర తెల్లబడగానే తీసేస్తాడు. జపాన్‌లో వేడినీటి బుగ్గల్లో గుడ్లు ముంచి పెట్టే పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ నీళ్లు 65, 70 డిగ్రీల మధ్య ఉంటాయి. చాలాసేపు ఉంచినా పచ్చసొన ముద్దగా నిలబడుతుంది, తెలుపు పాలమీగడలా జారుతూనే ఉంటుంది.

పచ్చిగుడ్డు బలమన్న నమ్మకం మన దగ్గర వస్తాదుల కాలం నుంచి ఉంది. పొద్దున్నే పాలల్లో గుడ్డు కొట్టుకుని ముక్కు మూసుకుని మింగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1998లో బెల్జియంలో జరిగిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. ఉడికిన గుడ్డులోని ప్రొటీన్ 91 శాతం దాకా ఒంటికి పడితే, పచ్చిగుడ్డులోది 51 శాతమే పట్టింది. పైగా పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ను పట్టుకుని ఒంటికి అందనివ్వదు. ఉడికిస్తే ఆ పట్టు వదులుతుంది. పచ్చిగుడ్డు చూసి మొహం తిప్పుకున్నవాడు వస్తాదు కంటే తెలివిగా ప్రవర్తించాడన్నమాట.

సొన గట్టిపడ్డాక

గుడ్డు తినేవాళ్లలో కూడా జారే సొనకు జంకేవాళ్లు చాలామంది. పళ్లెంలో పచ్చసొన పగిలి అన్నం మెతుకుల్లోకి పారగానే వాళ్లు చెయ్యి వెనక్కి తీసుకుంటారు. రుచి చూసి కాదు, చూపుతోనే. జిగురు మీద మనవాళ్లకు పొడుగునా ఈ అనుమానం ఉంది. బెండకాయను కడిగి, ఆరబెట్టి, తరిగి, జిగురు పోయేదాకా వేయించేది అందుకే. జపాన్‌వాళ్లు అదే బెండకాయను ముక్కలు కోసి, జిగురు తీగలు సాగేలా కలుపుకుని తింటారు. పులిసిన సోయా గింజల నట్టో కూడా వాళ్లకు తీగలు సాగితేనే రుచి.

అయితే ఈ ఒక్క జంకులో ఇంగితం ఉంది. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి పెంకు మీదే కాదు, పగుళ్లు లేని గుడ్డు లోపల కూడా ఉండగలదు. గుడ్డు తయారయ్యే దశలోనే రోగమున్న కోడి నుంచి అది లోపలికి చేరుతుంది. పైన ఎంత కడిగినా పోదు. గుడ్డు వంటకాల లోపలి వేడి 71 డిగ్రీలకు చేరాలని అమెరికా ఆహార భద్రతా సలహా. పచ్చసొన జారడం మానేసే వేడికి ఇది చాలా దగ్గర. అంటే "సొన గట్టిపడిందా?" అన్న వంటింటి పరీక్ష థర్మామీటర్ చేసే పనినే కంటితో చేస్తోంది. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధకశక్తి తగ్గినవారికి ఈ పరీక్ష తప్పనిసరి.

మరి జపాన్‌వాళ్లు వేడి అన్నం మీద పచ్చిగుడ్డు కొట్టుకుని, సోయా సాస్ చుక్కలు వేసి రోజూ పొద్దున తింటారు కదా? తింటారు. అక్కడ గుడ్డు మీద వేసే గడువు తేదీ పచ్చిగా తినడానికి పనికొచ్చే గడువు. ఆ తేదీ దాటితే వండుకుని తినమంటారు. ఫారం నుంచి దుకాణం దాకా కడగడం, పరీక్షించడం, చల్లగా ఉంచడం ఆ తేదీ వెనక ఉన్నాయి. ఎండలో ట్రక్కు మీద ప్రయాణం చేసి, కిరాణా కొట్టు గుమ్మంలో అట్టల్లో నిలవ ఉన్న గుడ్డుకు ఆ ధైర్యం చెల్లదు. పచ్చిగుడ్డు తినే జపాన్‌వాడిదీ, తినని మనదీ, రెండూ సరైన లెక్కలే. గుడ్డు చేసిన ప్రయాణం వేరు.

దించి, చన్నీళ్లలో వేసి, పెంకు వలిచి

మరుగుతున్న నీళ్లలో వేసిన గుడ్డు సుమారు 6 నిమిషాలకు సొన జారే దశలో, 8, 9 నిమిషాలకు ముద్దగా, 11, 12 నిమిషాలకు పూర్తిగా గట్టిపడి ఉంటుంది. అక్కడ దించకపోతే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. తెలుపులోని హైడ్రోజన్ సల్ఫైడ్, పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారడమే అది. తింటే ఏమీ కాదు. చన్నీళ్లలో వేస్తే లోపలి ఉడుకు ఆగి, ఆ వలయం కట్టదు.

అప్పుడే పెట్టిన గుడ్డు పెంకు వలుస్తుంటే తెలుపు పెళ్లలుగా ఊడివస్తుంది. పెంకుకు వేల సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి బొగ్గుపులుసు వాయువు రోజులు గడిచేకొద్దీ బయటికి పోయి, తెల్లసొన క్షార గుణం పెరుగుతుంది. అప్పుడు లోపలి పొర తెలుపును గట్టిగా అంటిపెట్టుకోదు. పులుసుకు వారం నాటి గుడ్డు, హాఫ్ బాయిల్‌కు తాజా గుడ్డు అని గుర్తుపెట్టుకుంటే చాలు. వేపుడుకు గుడ్డు మీద కత్తితో గాట్లు పెట్టడం ఉప్పూ కారం లోపలికి దిగడానికే కాదు. ఆవిరికి దారి లేకపోతే నూనెలో పైతోలు ఉబ్బి చిట్లుతుంది.

మచ్చ కనబడినా కంగారుపడక

గిన్నెలోకి గుడ్డు కొడతాం. పచ్చసొన మీద గసగస గింజంత ఎర్రటి మచ్చ. వెంటనే వచ్చే మాట: "అయ్యో, ఇందులో పిల్ల తయారవుతోంది". అది పిల్ల కాదు. కోడి కడుపులో పచ్చసొన తయారయ్యేటప్పుడు దాని పైపొర మీది సన్నటి రక్తనాళం చిట్లితే మిగిలే చుక్క. పుంజు లేని ఫారం గుడ్డులోనూ వస్తుంది. దీపానికి అడ్డం పట్టి చూసి ఇలాంటివి ఏరేస్తారు, కొన్ని తప్పించుకుంటాయి. స్పూను కొసతో తీసేసి వండుకోవచ్చు, తీయకపోయినా ప్రమాదం లేదు. పచ్చసొనకు రెండు వైపులా ఉండే తెల్లటి మెలితాడు మీద కూడా ఇలాంటి అపనిందే ఉంది. సొన గుడ్డు మధ్యలో నిలబడడానికి పట్టి ఉంచే తాడు అది. గుడ్డు ఎంత తాజాదైతే అది అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ సంగతులు తెలిసినవాడు కూడా మచ్చ చూసిన గుడ్డును కొన్నిసార్లు పారబోస్తాడు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ రోజిన్ ఈ స్వభావాన్ని ఏళ్ల తరబడి పరిశీలించాడు. 1986లో ఆయన బృందం ప్రచురించిన ప్రయోగాల్లో చచ్చిన బొద్దింకను సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసి, పళ్లరసంలో ముంచి తీశారు. శుద్ధి చేశామని చెప్పినా జనం ఆ రసం తాగడానికి ఇష్టపడలేదు. మంచి చాక్లెట్‌ను కుక్క మలం ఆకారంలో పోతపోసి ఇస్తే, చాక్లెటే అని తెలిసీ వెనకాడారు. మొదటి దానిలో ఒకసారి తాకింది ఎప్పటికీ అంటుకునే ఉంటుందన్న భావన, రెండో దానిలో పోలిక ఉంటే గుణం కూడా ఉంటుందన్న భావన. మైల, అంటు అనే మాటల మధ్య పెరిగిన మనకు ఈ రెండు సూత్రాలూ కొత్త కాదు. విడి పెనం మొదటి సూత్రం. ఎర్ర చుక్కలో పిల్లను చూడడం రెండోది.

అయితే తెలివిడి పూర్తిగా వృథా కాదు. మొదటిసారి మచ్చను చూసి పారబోసినవాడు, కారణం తెలిశాక రెండోసారి స్పూను వెతుక్కుంటాడు. వెగటు ఒక్కసారిగా మాయం కాదు. దానికి కారణం చెప్పే కథ బలహీనపడితే అదీ బలహీనపడుతుంది.

కొత్తదైతే

చైనావాళ్ల పిడాన్ గుడ్డును చూడండి. బాతుగుడ్లను సున్నం, బూడిద, ఉప్పు, టీ కషాయం కలిపిన ముద్దలో పొదిగి, పైన వరి ఊక అద్ది, వారాల తరబడి ఉంచుతారు. క్షారం పెంకు రంధ్రాల్లోంచి లోపలికి దిగి, నిప్పు లేకుండానే ప్రొటీన్లను గట్టిపరుస్తుంది. తెలుపు తేనెరంగు జెల్లీలా పారదర్శకంగా, పచ్చసొన నలుపు తిరిగిన ఆకుపచ్చ ముద్దగా మారుతుంది. అమోనియా, గంధకం కలిసిన వాసన. నూరేళ్లు పాతిపెడతారనీ, గుర్రం మూత్రంలో నానబెడతారనీ ప్రచారం ఉంది. రెండూ అబద్ధాలే. 2011లో అమెరికా వార్తాసంస్థ సీఎన్ఎన్ దీన్ని లోకంలోని రోత తిళ్లలో ఒకటిగా చూపి, చైనాలో నిరసన వచ్చాక క్షమాపణ చెప్పింది.

ఫిలిప్పీన్స్ వాళ్ల బలూట్ మరో మెట్టు పైన ఉంటుంది. ఇందులో పిల్ల ఉందన్న అనుమానం నిజం, ఉండాలనే తింటారు. బాతు గుడ్డును రెండు వారాలకు పైగా పొదిగించి ఉడకబెడతారు. మనీలా పక్కనున్న పటెరోస్ పట్టణం దీనికి పేరుపడింది. రాత్రిపూట వీధుల్లో వెచ్చగా అమ్ముతారు. తినేవాడు వెడల్పు కొసను తట్టి, చిన్న రంధ్రం చేసి, చిటికెడు ఉప్పో కొన్ని చుక్కల వెనిగరో వేసి, ముందు లోపలి రసం పీలుస్తాడు. తర్వాత పెంకు వలుచుకుంటూ పచ్చసొనను, పిల్లను తింటాడు. రాయిలా గట్టిపడ్డ తెలుపును చాలామంది పారేస్తారు. గుడ్డులో మనకు అత్యంత నిరపాయంగా కనిపించే భాగమే వాళ్లకు తినబుద్ధి కానిది.

ఇవి చదువుతుంటే కడుపులో తిప్పినవాళ్లు మన ఆదివారం మార్కెట్‌ను ఓసారి బయటివాడి కంటితో చూడాలి. వేణ్ణీళ్లు, సున్నంతో గంటల తరబడి కడిగి వండే బోటి, గడ్డకట్టిన రక్తాన్ని వేయించిన నల్ల, మెదడు ఫ్రై, కాళ్ల పాయా, వీధి చివర్నుంచే తెలిసిపోయే ఎండుచేపల పులుసు. చేప కడుపులోని జనను నూనెలో వేయించుకుని మొదటి ముద్దకే ఏరుకునేవాళ్లు, ఉప్పులో ఊరిన కావియార్ పచ్చిదని తెలిసి వెనక్కి జరుగుతారు. రెండూ చేపగుడ్లే. పొరుగున ఒడిశాలో మయూర్‌భంజ్ గిరిజనులు చెట్ల మీది ఎర్రచీమలను, వాటి గుడ్లతో సహా, ఉప్పు, మిరప, అల్లం, వెల్లుల్లి వేసి నూరే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూరే రోలు, వేసే దినుసులు మన పచ్చడివే. పులుపు మాత్రం చింతపండుది కాదు, చీమల్లోని ఫార్మిక్ ఆమ్లానిది.

ఈ మాటకు డార్విన్ చెప్పిన ఉదంతం ఒకటి చాలు. 1872లో భావాల వ్యక్తీకరణ మీద రాసిన పుస్తకంలో ఆయన తన ఓడ ప్రయాణంలో జరిగింది గుర్తు చేసుకున్నాడు. దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యూగోలో ఆయన నిలవచేసిన చల్లని మాంసం తింటున్నాడు. అక్కడి మనిషి ఒకడు దాన్ని వేలితో తాకి, ఆ మెత్తదనానికి రోతపడ్డాడు. డార్విన్‌కు అదే క్షణంలో తన తిండిని ఆ మనిషి ముట్టుకున్నందుకు రోత కలిగింది. ఆ చేతులు మురికిగా లేవని కూడా ఆయనే రాశాడు. ఒకే మాంసం ముక్కకు అటూ ఇటూ ఇద్దరు మనుషులు, ఇద్దరికీ ఒకే ముఖభంగిమ. ఎవరి రోత వాళ్లకు ప్రకృతి తీర్పులా అనిపిస్తుంది. పక్కవాడిది మాత్రం అనాగరికంలా కనిపిస్తుంది.

ఒక్క ముక్క రుచి చూసి

కొత్త తిండికి జంకడం మనిషికి పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. ఏదైనా తినగల ప్రాణికి ఏదైనా విషం కాగల ప్రమాదమూ ఉంది. ఆ భయం రెండేళ్ల వయసు నుంచి ఐదారేళ్ల దాకా గట్టిగా ఉంటుంది. నిన్నటిదాకా పొరటు తిన్న పిల్లాడు హఠాత్తుగా ఆమ్లెట్‌లోని కొత్తిమీర ఆకును వేలితో ఏరడం అప్పుడే. లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1982లో రెండేళ్ల పిల్లలకు ఎరగని పళ్లు, చీజ్‌లు రుచి చూపించింది. ఏది ఎక్కువసార్లు రుచి చూపిస్తే దాని మీద ఇష్టం అంత పెరిగింది. తర్వాత ఆమే చేసిన పరిశీలనల్లో మరో రెండు సంగతులు తేలాయి. ఊరికే చూపిస్తే చాలదు, నాలుక మీద పడాలి. బహుమతి ఆశపెట్టి పుచ్చుకునేలా చేసిన దాని మీద ఇష్టం తగ్గింది.

మూలంలో "ఒక్క ముక్క" అని ఉండడం అందుకే సబబు. గుడ్డంతా కాదు, బలవంతం కాదు, లంచం కాదు. జారే సొనకు జంకేవాడికి మొదట పులుసులో బాగా ఉడికిన గుడ్డు, తర్వాత పొరటు, ఆపైన ముద్దలాంటి సొన. మెట్లు ఇలా వేస్తే పెద్దవాళ్లకూ పనిచేస్తుంది.

మనసొప్పకపోతే వదిలెయ్యి

ఇది వాక్యంలో చివరి మాటే కానీ బరువైన మాట. వదిలేసే కారణాలు అన్నీ ఒక్కటి కావు. గుడ్డు పడక దద్దుర్లు లేచే పిల్లలున్నారు. చాలామందికి పెద్దయ్యేకొద్దీ అది తగ్గుతుంది. తగ్గేదాకా "ఒక్క ముక్క" సూత్రం వాళ్లకు వర్తించదు. వైద్యుడి మాటే వర్తిస్తుంది. కార్తీకమాసమో, శనివారమో, జీవితాంతమో నీచు ముట్టని నియమం ఉన్నవాళ్లున్నారు. వాళ్ల నిర్ణయం ఉడుకుతో మారేది కాదు, ఫారం గుడ్డులో పిల్ల ఉండదని చెప్పినా మారనక్కర్లేదు. బడిపిల్లల భోజనంలో గుడ్డు పెట్టినప్పుడు కర్ణాటక, తిననివాళ్లకు అరటిపండో పల్లీ చిక్కీయో ఇచ్చింది. గుడ్డు కావలసిన పిల్లాడికి గుడ్డు, వద్దన్న పిల్లాడికి మరొకటి. ఒకరి నియమం ఇంకొకరి పళ్లెంలోకి చెయ్యి పెట్టకుండా ఉండే ఏర్పాటు ఇది.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు: రోత నేర్చుకున్న అలవాటే అయినప్పుడు దాన్ని గౌరవించడం ఎందుకు? సమాధానం: ఇష్టం కూడా నేర్చుకున్న అలవాటే. ఇంగువ మీద మన ప్రేమకు ఎంత హక్కుందో పక్కవాడి అయిష్టానికీ అంతే హక్కుంది. ఆ హక్కు తన పళ్లెం వరకే. పక్కవాడి టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడు ముక్కు మూసుకుని నవ్వడానికి, అతని కూరకు పేరు పెట్టి మనిషికీ అదే పేరు పెట్టడానికి, అద్దెకు ఇల్లిచ్చి అందులో గుడ్డు ఉడకకూడదనడానికి అది చాలదు.

తాత్పర్యం

గుడ్డు మీద వెగటు మూడు రకాలు. పచ్చి వాసన, జారే సొన, లోపలి సూక్ష్మజీవి నిప్పుతో తీరేవి; 70 డిగ్రీలు దాటిన వేడికి లొంగిపోతాయి. ఎర్ర మచ్చ, మెలితాడు, ఆకుపచ్చ వలయం, ఫారం గుడ్డులో పిల్ల, పిడాన్‌కు గుర్రం మూత్రం తెలివిడితో తీరేవి. కారణం తెలిస్తే సగం, రెండుమూడుసార్లు రుచి చూస్తే ఇంకో సగం పోతాయి. నియమం, నమ్మకం, ఒంటికి పడకపోవడం మూడో రకం. వాటిని తీర్చాలని చూడడమే తప్పు.

మొదటి రకాన్ని మూడోదిగా చెప్పుకుంటే మంచి తిండి పోతుంది. మూడో రకాన్ని మొదటిదిగా అనుకుంటే మనిషి మీద బలవంతం అవుతుంది. రెండో రకాన్ని ప్రకృతి ధర్మమనుకుంటే బోటి తినేవాడు బలూట్ తినేవాణ్ణి వెక్కిరిస్తాడు, ఇంగువ తినేవాడు గుడ్డు తినేవాణ్ణి ఈసడిస్తాడు. వంట బాగా తెలిసినవాళ్లు ఇది ఏ రకం జంకో ముందు చూసుకుంటారు. పొయ్యి పెంచాలా, కారణం చెప్పాలా, పళ్లెం పక్కకు జరపాలా అన్నది ఆ తర్వాత నిర్ణయిస్తారు.